నోటితో కుంచె పట్టే మా తమ్ముడి చిత్రాల గురించి సలహా కావాలి

పుట్టుకతోనే రెండు చేతులూ పనిచేయని మా తమ్ముడు పళ్ల మధ్య కుంచె పట్టుకొని ఆక్రిలిక్ రంగులతో చెరువుగట్లనూ వరికోతలనూ చిత్రిస్తాడు. మెడనొప్పి వల్ల ఎక్కువసేపు కూర్చోలేడు కనుక ఒక్కో చిత్రానికి వారాలు పడుతుంది. అతని సాయంకాలపు నీడలను జాలితో కాక, మంచి చిత్రాలుగానే చూసి కొనాలని నా కోరిక.

ఎరిక్ స్టెగ్‌మన్ 1956లో స్థాపించిన, నోటితోనూ పాదాలతోనూ చిత్రించే కళాకారుల అంతర్జాతీయ సంఘం విద్యార్థి సభ్యులకు ఉపకార వేతనం ఇస్తుందనీ, చిత్రాలను కార్డులుగా, క్యాలెండర్లుగా ముద్రించి అమ్ముతుందనీ తెలుసుకున్నాము. అందులో చేరినవారు మీలో ఉంటే, దరఖాస్తుతో ఎలాంటి చిత్రాలు పంపారో, చేరిన తరువాత బయటి గ్యాలరీలలో అమ్ముకునే వీలు ఎంతవరకు ఉందో దయచేసి తెలియజేయండి.

అంతకన్నా తొందరైన విషయం మరొకటి ఉంది. ఒక ముద్రణ సంస్థ కొంత మొత్తం ఒకేసారి చెల్లించి అన్ని హక్కులూ రాసిమ్మంటోంది. మూలచిత్రాన్ని అమ్మినంత మాత్రాన కాపీరైటు పోదనీ, హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలనీ, గడువు రాయకపోతే దానిని 5 సంవత్సరాలుగా పరిగణిస్తారనీ 1957 నాటి కాపీరైటు చట్టం చెబుతోంది. గడువు, ప్రతుల సంఖ్య, ప్రతి ముద్రణకూ రాయల్టీ అనే మూడింటినీ ఒప్పందంలో చేర్పించిన చిత్రకారులు ఎవరైనా ఉన్నారా? ఆ షరతులను ఏ మాటలలో రాయించుకున్నారు?