సంబంధం వాళ్ళు చెవులవి తీసెయ్యమంటున్నారు, కుట్టుపని కూడా మానెయ్యమంటున్నారు... ఏం చెయ్యను?

రాయగడ టైలరమ్మాయి:
అందరికీ వందనాలు. మాది రాయగడ, ఇంట్లో తెలుగు, బయట ఒడియా, చిన్నప్పట్నుంచి బాప్టిస్టు సంఘం. ఇంటి ముందుగదిలోనే 6 ఏళ్ళుగా బ్లౌజులు కుడుతున్నా, మొదట ఫాల్, పీకో మాత్రమే చేసేదాన్ని, ఇప్పుడు మగ్గం వర్క్, బోట్ నెక్, ప్యాడెడ్, పెళ్ళికూతుళ్ళవి కూడా వస్తున్నాయి. మా నియమగిరి కొండల మీద డొంగ్రియా కొంధు అనే గిరిజన తెగ ఆడపిల్లలు కపడాగండా శాలువా కుడతారు కదా, 2024లో జీఐ (ఇది ఫలానా ప్రాంతానిదే అని చెప్పే) గుర్తింపు వచ్చింది, ఆ తెల్ల గుడ్డ మీద ఎర్ర, పచ్చ, పసుపు దారాల గీతలు సంతలో చూసీ చూసీ నాకు డిజైన్ల మీద ఇష్టం పుట్టింది. వాళ్ళు దాన్ని ఇష్టమైనవాళ్ళకి ఇవ్వడానికి కుడతారంట, ఆ మాట నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

ఇప్పుడు పర్లాకిమిడి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. నగలు పెట్టుకోని పెంతెకోస్తు సంఘం కుటుంబం, అబ్బాయి నెమ్మదైనవాడు, మా అమ్మానాన్నలకి నచ్చాడు. పోయిన వారం వాళ్ళ మేనత్తగారు వచ్చి నా చెవులు చూసి "బాప్తిస్మం తీసుకున్న పిల్లకి ఇవేంటమ్మా, లోపలి అందం ఉంటే చాలదా" అన్నారు, కుట్టుమిషన్ చూసి "ఈ ఫ్యాషన్లన్నీ లోకాన్ని ఇంట్లోకి తెచ్చేవే" అన్నారు. అవి 2 గ్రాముల దుద్దులు, నేను కుట్టిన డబ్బుతో మొట్టమొదట కొనుక్కున్నవి. ఆవిడ వెళ్ళాక బాగా ఏడ్చాను. కానీ ఆవిడన్నది నిజమేనేమో, అద్దం ముందు ఎక్కువసేపు ఉంటున్నానేమో అని రాత్రి ప్రార్థనకి కూర్చున్నా అదే ఆలోచన వస్తోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

జయపురం లూథరన్ బ్రదర్:
వందనాలు సిస్టర్. మాది 1882లో జర్మనీ నుంచి బ్రెక్లుం మిషనరీలు వచ్చి మొదలుపెట్టిన పనిలోంచి పుట్టిన సంఘం, మా దగ్గర నగల మీద పట్టింపు లేదు, అందుకని నా మాట కాస్త ఆ పక్కకే ఉంటుంది, అది మనసులో పెట్టుకుని చదవండి. ఆవిడ చెప్పింది 1 పేతురు 3:3-4 అయ్యుంటుంది. అక్కడ జడలు, బంగారం, బట్టలు మూడూ ఒకే వరసలో ఉన్నాయి చూడండి, అది బంగారానికి నిషేధం అయితే జడ వేసుకోవడం, బట్టలు కట్టుకోవడం కూడా నిషేధం అవ్వాలి కదా, అలా ఎవరూ చెప్పరు. ఆ రోజుల్లో రోమా సామ్రాజ్యంలో డబ్బున్న ఆడవాళ్ళు జుట్టు ఎత్తుగా అల్లి అందులో బంగారం పెట్టుకునేవారు, మనిషి విలువ అక్కడే కనబడాలని. పేతురు గారు మీ విలువ అక్కడ లేదు, "హృదయపు అంతరంగ స్వభావము"లో ఉంది అంటున్నారు. నేను చదివినంతలో ఇది దేన్ని నమ్ముకుంటున్నావన్న ప్రశ్నే గానీ చెవిలో ఏముందన్న ప్రశ్న కాదు. రిబ్కాకి ముక్కుకమ్మి, కడియాలు ఇచ్చింది అబ్రాహాము దాసుడే, ఆదికాండం 24 చదవండి. ఇక కుట్టుపని గురించైతే సామెతలు 31లో మెచ్చుకున్న ఆమె నారబట్టలు చేసి అమ్ముతుంది, 24వ వచనం. మీ పనికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

అలాగని ఆవిడ మాట కొట్టిపారెయ్యొద్దు. యెషయా 3లో నగల పెద్ద లిస్టు ఉంది, దానికి కొంచెం ముందే బీదల దగ్గర దోచుకున్నది మీ ఇళ్ళలో ఉంది అని దేవుడు అంటాడు. ఆ రెండూ కలిపి చదవాలి.

గుణుపూర్ సిస్టర్:
చెల్లెమ్మా, నేను పెంతెకోస్తుదాన్నే, 14 ఏళ్ళుగా నా ఒంటి మీద బంగారం లేదు. ఎందుకు తీసేశానో చెప్తాను. మా కూడికకి సౌర అనే గిరిజన తెగ ఆమె ఒకావిడ వచ్చేది, కూలిపని, ఎప్పుడూ గుమ్మం దగ్గరే కూర్చునేది, లోపలికి రా అమ్మా అంటే మీ అందర్నీ చూస్తే సిగ్గేస్తోంది అంది. ఆ రాత్రే తీసేశాను, ఎవరూ తియ్యమనలేదు. తర్వాత ఆమె నా పక్కనే కూర్చుని పాడేది, ఆ సంతోషం ముందు నా జూకాలు నాకు మళ్ళీ గుర్తు రాలేదు. కానీ ఒక నిజం ఒప్పుకోవాలి. కొన్నాళ్ళకి నేను వేరేవాళ్ళ చెవులు చూసి వాళ్ళ భక్తి కొలవడం మొదలుపెట్టాను, అందరం తెల్లచీరలే కట్టినా ఎవరి చీర ఎంత ఖరీదో కూడా చూసేదాన్ని, బంగారం పోయింది గానీ ఆ చూపు పోలేదు. దాన్ని తీసెయ్యడానికి చాలా కన్నీళ్ళు పట్టింది. అందుకే చెప్తున్నా, ప్రభువు నీ మనసులో అడిగితే తియ్యి, సంబంధం కోసం మాత్రం తియ్యకు, అలా తీస్తే ప్రతి ఆదివారం ఆ కోపం గుడికి తీసుకెళ్తావు. మిషన్ మాత్రం ఎవరు చెప్పినా ఆపొద్దు. తబితా చనిపోయినప్పుడు విధవరాళ్ళు ఏడుస్తూ పేతురు గారికి ఏం చూపించారు? ఆమె కుట్టిన అంగీలు, బట్టలు. అపొస్తలుల కార్యములు 9:39.

బరంపురం రిటైర్డ్ నర్సు:
అమ్మా, ఇన్ని మాటల్లో అబ్బాయి ఏమన్నాడో రాయలేదు. ముందు అతన్ని అడుగు, మేనత్తగారితో కాదు కదా కాపురం.

నేను 34 ఏళ్ళు నర్సుగా చేశాను. ఆపరేషన్‌కి తీసుకెళ్ళే ముందు గాజులు, గొలుసు, పిన్నీసుతో సహా తీయించి రుమాల్లో మూటకట్టి ఇంటివాళ్ళకి ఇచ్చేదాన్ని. అందరూ ఒకే పచ్చ గౌనులో ఉండేవారు. అప్పుడు కూడా పక్క మంచం ఆమె చెయ్యి పట్టుకుని భయపడకమ్మా అని చెప్పి వెళ్ళినవాళ్ళున్నారు, వార్డు ఆయమ్మని తిట్టినవాళ్ళూ ఉన్నారు. లోపలి అందం అంటే నాకు ఆ చెయ్యి పట్టుకున్నవాళ్ళ మొహాలే కళ్ళ ముందుకొస్తాయి. వాళ్ళ రుమాల్లో ఎంత బంగారం ఉందో ఒక్కటీ గుర్తులేదు.

రాయగడ టైలరమ్మాయి:
అమ్మా, అక్కా, బ్రదర్ గారూ, అందరివీ అమ్మతో కలిసి చదివాను, తబితా దగ్గర అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అబ్బాయికి ఫోన్ చేశాను. కుట్టడం మానొద్దు, అత్తకి నేను చెప్తా అన్నాడు. దుద్దుల సంగతికి మాత్రం కొంచెం టైం ఇవ్వు, ఇంట్లో మాట్లాడాలి అన్నాడు, అది ఇంకా మనసులో గుచ్చుతోంది. మేనత్తగారి మాటలో నాకు తగిలింది కూడా ఒకటుంది, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆర్డర్లు ఎక్కువై రెండు ఆదివారాలు ఆరాధనకి వెళ్ళకుండా మిషన్ మీదే కూర్చున్నాను, ఇక మీదట ఆదివారం డెలివరీ ఒప్పుకోను. మా సంఘంలో భర్తలు పోయిన ఇద్దరు పెద్దమ్మలున్నారు, క్రిస్మస్ బట్టలకి వాళ్ళ కొలతలు రేపు తీసుకుంటున్నా, కూలి తీసుకోను.

వచ్చే ఆదివారం సాయంత్రం వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. దుద్దులు పెట్టుకునే కూర్చుంటాను. ప్రార్థన చెయ్యండి.