‘దూరం’ అందామా, ‘ఎడం’ అందామా?

గణితం గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. మాట చిన్నదే: దూరం. గుంపులో భాష తెలిసినవాళ్లూ లెక్కలు చెప్పేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

మెట్రిక్ స్పేస్ అంటే కొన్ని బిందువులు, వాటిలో ఏ రెంటిని తీసుకున్నా ఒక దూరం. ఈ భావానికి 1906లో ఫ్రెంచి గణితవేత్త మొరీస్ ఫ్రెషే రూపం ఇచ్చారు, 1914లో జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ హౌస్‌డోర్ఫ్ ఇప్పుడు వాడే పేరు పెట్టారు. పుస్తకాల్లో ఉండే నియమాలు నాలుగు. ఏ బిందువైనా తన నుంచి తనకి దూరం సున్నా. వేరు వేరు బిందువులైతే సున్నా కాదు. ఇటు నుంచి ఎంతో అటు నుంచీ అంతే. మధ్యలో ఇంకో చోట ఆగి వెళ్లినంత మాత్రాన దారి తగ్గదు.

1973లో అమెరికన్ గణితవేత్త విలియం లావీర్ ఇందులో ఒక సంగతి పట్టుకున్నారు. కేటగిరీ అంటే కొన్ని వస్తువులు, ఒకదాని నుంచి ఇంకోదానికి బాణాలు. ఒక బాణం కొసకి ఇంకో బాణం తగిలిస్తే మూడోది వస్తుంది. ప్రతి వస్తువుకీ తన నుంచి తనకే ఒక బాణం ఉంటుంది. మామూలుగా రెండు వస్తువులకి బాణాల సమితి ఉంటుంది. ఆ సమితి తీసేసి, అదే చోట 0 నుంచి అనంతం దాకా ఏదో ఒక సంఖ్యను కూర్చోబెట్టారు లావీర్. బాణాలు తగిలించడం కాస్తా కూడిక అయింది. వస్తువులను బిందువులనీ, ఆ సంఖ్యను దూరమనీ అనుకుంటే కేటగిరీ నియమాలు ఇలా మారతాయి:

అ నుంచి ఇకి + ఇ నుంచి ఉకి ≥ అ నుంచి ఉకి
0 ≥ అ నుంచి అకి

మొదటిది మనం బడిలో చదివిన త్రిభుజ అసమానతే! దాన్ని ఎవరూ కొత్తగా తెచ్చి పెట్టలేదు, కేటగిరీ నియమమే ఆ వేషంలో వచ్చింది. ఇది మొదటిసారి అర్థమైన రోజు నాకు ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదు. మిగతా రెండు నియమాలూ, అంటే సౌష్ఠవం (ఇటు ఎంతో అటూ అంతే అన్నది), సున్నా అయితే ఒకే బిందువు కావాలన్నదీ, ఇందులో లేవు. అనంతం కూడా చెల్లుతుంది: అటు వెళ్లే దారే లేదని దాని అర్థం.

ఇక భాష సంగతి. తెలుగులో దూరం రెండు రకాలుగా చెబుతాం. ‘రెండింటి మధ్య దూరం’ అంటే అటూ ఇటూ ఒకటే. ఏది ముందు చెప్పినా తేడా లేదు. ‘ఇక్కడి నుంచి అక్కడికి దూరం’ అన్నామా, ‘నుంచి’, ‘కి’ రెండూ దిగి దిక్కు చూపిస్తాయి. లావీర్ వదిలేసిన సౌష్ఠవం మనం ‘మధ్య’ అన్నప్పుడు తెలియకుండానే లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి ఈ విషయం రాసేటప్పుడు ‘మధ్య’ వాడకూడదని నా అభిప్రాయం.

మాటలతోనే ఒక ఉదాహరణ. ఒక అక్షరం చేర్చడానికి ఖర్చు 1, తీసెయ్యడానికి ఖర్చు 0 అనుకుందాం. ‘వల’ నుంచి ‘వలస’కి దూరం 1. ‘వలస’ నుంచి ‘వల’కి 0. ‘వలస’ నుంచి ‘పలక’కి 2, ఎందుకంటే ‘ల’ ఒక్కటే మిగులుతుంది, ‘ప’, ‘క’ చేర్చాలి. ‘వల’ నుంచి నేరుగా ‘పలక’కి కూడా 2, ‘వలస’ మీదుగా వెళ్తే 3. దూరం సున్నా అయిన జంటలు మాత్రమే తీసి పెట్టుకుంటే ‘దీంట్లో అది ఉంది’ అనే వరస దానంతటదే వస్తుంది.

నా ప్రతిపాదన: దిక్కు ఉన్నదానికి ‘దూరం’, సౌష్ఠవం ఉన్నదానికి ‘ఎడం’. ఫ్రెషే వాడిన ఫ్రెంచి మాట ‘ఎకార్’కి కూడా దాదాపు ఎడం అనే అర్థం. ఏమంటారు?

వ్యాఖ్య:
ఎడం అనగానే ఎడం చెయ్యి గుర్తొస్తుందండీ. ‘దవ్వు’ అనే మంచి మాట ఉండగా అది ఎందుకు?

జవాబు:
దవ్వు నాకూ ఇష్టమేనండీ. కానీ ‘దవ్వుల నుంచి చూశాడు’ అంటే చాలా దూరం నుంచి అని. దగ్గరున్నదానికి దవ్వు సున్నా అనలేం, మాట ఒప్పుకోదు. ఎడం అలా కాదు, ‘మొక్కల మధ్య ఎడం తక్కువైంది’ అంటాం. చెయ్యి, వైపు పక్కన లేకపోతే ఎడమ అనే అర్థం రాదు.

వ్యాఖ్య:
నేను లెక్కల మాస్టారిని. దూరం, ఎడం బాగున్నాయి. అసలు చిక్కు లావీర్ పద్ధతి పేరుతో ఉంది. బాణాల సమితి బదులు ఇంకేదైనా పెట్టిన కేటగిరీని ఇంగ్లీషులో ‘ఎన్‌రిచ్డ్ కేటగిరీ’ అంటారు. దాన్ని తెలుగులో ‘సంపన్న వర్గం’ అని ఒకచోట చూశాను. చదివినవాళ్లు డబ్బున్నవాళ్ల గురించి అనుకుంటారు. పైగా మాకు వర్గం అంటే 5 వర్గం 25, వర్గమూలం, వర్గ సమీకరణం. పిల్లలకి రెండో అర్థం చెప్పడం కష్టం. మీరు కేటగిరీ అనే రాశారు, మంచిదే. ముందున్న ‘ఎన్‌రిచ్డ్’ని ఏమంటారు?

జవాబు:
‘పొదిగిన’ అనుకుంటున్నాను మాస్టారూ. హారంలో రాళ్లు పొదిగినట్టు, బాణాలుండే ప్రతి గూట్లోనూ ఒక సంఖ్యను పొదుగుతున్నాం. ‘దూరాలు పొదిగిన కేటగిరీ’. ఏం పొదిగామో పేరులోనే తెలుస్తుంది. సంఖ్యలకు బదులు ‘అవును’, ‘కాదు’ పొదిగితే పైన చెప్పిన ‘దీంట్లో అది ఉంది’ లాంటి వరసలు వస్తాయి.

వ్యాఖ్య:
పొదగడం అంటే కోడి గుర్తుకు రాదా?

జవాబు:
కోడి గుడ్లను పొదుగుతుంది, రాళ్లు హారంలో పొదుగుతారు. ‘లో’ ఉంటే చాలు, పొరబాటు పడరు.

వ్యాఖ్య:
మాస్టారినే మళ్లీ. అలాంటి ఒక కేటగిరీలోని వస్తువులను ఇంకోదానిలోకి, నియమాలు చెడకుండా పంపేదాన్ని ఫంక్టర్ అంటారు కదా, దాన్ని తెలుగులో ఏమంటారు? నేనైతే ‘దూరం పెంచని ప్రమేయం’ అంటాను. సరిగ్గా అదే కదా దాని నిర్వచనం: రెండు బిందువులను పంపితే చేరే చోట్ల దూరం అసలు దూరం కంటే ఎక్కువ కాకూడదు.

జవాబు:
అంతకంటే మంచి మాట నాకు దొరకదు, వ్యాసంలో అదే పెడతాను. ఎడం ఎలా కొలవాలో కూడా చేర్చాను: రెండు వైపుల దూరాల్లో పెద్దది ఏదో అది. ఇప్పుడు ఆ పేరా ఇలా మొదలవుతోంది, చూడండి: ‘వల’ నుంచి ‘వలస’కి దూరం 1, ‘వలస’ నుంచి ‘వల’కి దూరం 0, రెండింటి ఎడం 1.