ప్లాస్టిక్ నుంచి తీసిన నూనె మైనంలా గడ్డకడుతోంది, ఏం చేయాలి?

కాలేజీ ప్రాజెక్టు కోసం పాత క్యారీ బ్యాగులు, డబ్బాల మూతలు ఉక్కు పాత్రలో గాలి తగలకుండా 430 డిగ్రీల దగ్గర వేడిచేసి, ఆ ఆవిరిని చల్లబరిచి నూనె తీస్తున్నాం. నూనె వస్తోంది కానీ చల్లారేసరికి సగం మైనమే! మొన్న కండెన్సర్ పైపు దాంతోనే పూడుకుపోయింది. లోపల ప్రెజర్ పెరుగుతుంటే భయమేసి మంట ఆపేశాం.

పీవీసీ ఉంటే ఆమ్లం వస్తుందని దాన్నీ, నీళ్ల సీసాల్నీ ముందే ఏరేశాం. కాబట్టి తప్పు అక్కడ లేదనుకుంటా. పాలిథిన్‌లోని పొడవాటి అణు గొలుసులు సరిగా తెగకపోవడమే కారణమా? జియోలైట్ (సన్నటి రంధ్రాలుండే ఖనిజం) ఉత్ప్రేరకంగా వేస్తే మైనం తగ్గుతుందని చదివాను. దాన్ని ప్లాస్టిక్‌తోనే కలపాలా, ఆవిరి వెళ్లే దారిలో పెట్టాలా? కండెన్సర్‌కి మరీ చల్లటి నీళ్లు పెట్టడం కూడా తప్పేనా? చేసి చూసినవాళ్లు కాస్త చెప్పండి.