‘బావి’ అని వెతికితే నుయ్యి దొరకదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. తెలుగు కథల్లో బావి గురించి పరిశోధన పత్రం రాస్తున్నాను. ఓయూ క్యాంపస్‌లో ఉంటాను. నాలుగు రోజులుగా పాత పత్రికల్లో ‘బావి’ అని కొడుతుంటే అవే కథలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. సెమినార్ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఇంకే మాటలు పెట్టి వెతకాలి?

జవాబు:
అమ్మా, ముందు ఒక కాగితం మీద బావికి ఉన్న పేర్లన్నీ రాసుకో. కోస్తా వాళ్ల కథల్లో అది నుయ్యి. ‘నుయ్యి’ అని కొట్టినా అన్నీ రావు. విభక్తి చేరేసరికి మాట రూపమే మారిపోతుంది: నూతిలో, నూతి గట్టు. చెయ్యి చేతి, గొయ్యి గోతి అయినట్టే. ఔపవిభక్తికాలని వ్యాకరణంలో చదువుకున్నది ఇక్కడ పనికొస్తుంది. నుయ్యీ నూతీ ఒకటేనని కంప్యూటర్‌కు తెలియదు కదా. ‘నూతి’, ‘నూతులు’ విడివిడిగా కొట్టు. ‘ముందు నుయ్యి వెనక గొయ్యి’ సామెత ఎలాగూ వస్తుంది, పక్కన ‘గొయ్యి’ ఉన్నవి తీసేయి.

మన తెలంగాణలో బాయి. ‘బాయికాడికి పోయిండు’ అంటే నీళ్లకే కాదు, పొలానికి పోయాడని కూడా. బావి కింద సేద్యం కాబట్టి పొలానికే ఆ పేరు పడింది. నీ పత్రానికి అసలు సరుకు ఇక్కడే ఉందని నా నమ్మకం. ‘బాయికాడ’, ‘బాయిల’ అని కొట్టు. ఒట్టి ‘బాయి’ పెడితే లక్ష్మీబాయి పేరున్న వ్యాసాలన్నీ వస్తాయి. ‘బావులు’ కోసం ‘బావు’ అని కుదించకు, ‘బావుంది’ ఉన్న ప్రతి వాక్యమూ వచ్చి పడుతుంది.

మరో జవాబు:
సార్ చెప్పినవాటికి తోడు, బావి పేరే ఎత్తని కథలూ ఉంటాయి. వాటికి బావి దగ్గర వాడే మాటలు పెట్టి, చేద, గిలక, మోట, ఒర అని వెతకాలి. మాటల కోసం భద్రిరాజు కృష్ణమూర్తి గారి వ్యవసాయ పదకోశం (1962) చూడండి. ఏ ప్రాంతంలో ఏమంటారో తెలుస్తుంది. ఇంకోటి, స్కాన్ చేసి బొమ్మలుగా పెట్టిన సంచికల్లో ఏం కొట్టినా దొరకదు. సుల్తాన్ బజార్‌లో ఉన్న, 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం గ్రంథాలయానికి ఒకసారి వెళ్లండి. పాత సంచికలుంటే పేజీలు తిప్పడమే.

ప్రశ్న అడిగినవారు:
‘నూతి’ అని కొట్టగానే రెండు కొత్త కథలు వచ్చాయి సార్! ఒకదాంట్లో తాడు ఒరుసుకుని గట్టు రాయి అరిగిపోయిన సంగతి పేరా అంతా ఉంది. చాలా థ్యాంక్స్. ‘చేద’ అని పెడితే మాత్రం ‘చేదు’ కూడా వస్తోంది. దాన్నెలా ఆపాలి?