అన్నం మానేసి రాగి, జొన్నలకు మారితే షుగర్ ఆగుతుందా? (ముగ్గురి వాదన ఇది, పేర్ల బదులు వాళ్ల పేటల పేర్లు రాశాం.)

బ్రాడీపేట: పరగడుపున రక్తంలో షుగర్ 100–125 (మి.గ్రా./డె.లీ.), మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 5.7–6.4 శాతం ఉంటే షుగర్‌కు ముందు మెట్టు. ఈ దశలో బీపీటీ సన్నబియ్యం వదిలి రాగి, జొన్న పట్టాల్సిందే. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పటమట: 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు. రాగుల్లో 67–72. ఆ కాస్త తేడాకే షుగర్ ఆగదండీ. రాగిజావే చూడండి. మెత్తటి పిండి, బాగా ఉడికింది, నమిలే పని లేకుండా గ్లాసుడు రెండు నిమిషాల్లో తాగేస్తారు. అది రక్తంలోకి వేగంగా చేరుతుంది. సంకటి అంటారా, అందులో నూకలు కలుస్తాయి. నూకలంటే బియ్యమేగా!

బ్రాడీపేట: జావ సంగతి ఒప్పుకుంటాను. మరి జొన్నరొట్టె? రెండింటికి 80 గ్రాముల పిండి చాలు, కడుపు నిండుతుంది. అదే అన్నమైతే ముద్దపప్పులోకి ఒకసారి, ఆవకాయలోకి ఒకసారి, పెరుగులోకి మరోసారి. చూస్తుండగానే 400 గ్రాములు దాటుతుంది, పిండిపదార్థం 110 గ్రాములు. మారమనేది అందుకే.

పటమట: అలాగైతే మేలు చేసింది జొన్న కాదు, కొలత. వండిన అన్నం 150 గ్రాములు తూచి పెట్టుకుంటే పిండిపదార్థం 42 గ్రాములే. ముందు దొండకాయ కూర, పప్పు తిని ఆఖర్న అన్నం తింటే షుగర్ అంత ఎత్తుకు లేవదు.

కొరిటెపాడు: ఇద్దరూ కంచం దగ్గరే ఆగిపోయారు. తిన్న వెంటనే 15 నిమిషాలు నడిస్తే కండరాలు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. మే నెల బెజవాడ ఎండలో మధ్యాహ్నం బయటికి వద్దు, వరండాలో తిరిగినా చాలు. 2002లో వచ్చిన అమెరికా అధ్యయనంలో బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టారు. షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. 2006 నాటి మన దేశపు అధ్యయనంలో ఆహారం, నడకతో తగ్గింది దాదాపు 28 శాతం. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. మగవాళ్లకు నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ఏ ధాన్యమన్న వాదనకంటే ముందు పొట్ట సంగతి చూడాలి.

బ్రాడీపేట: సరే, గ్లూకోమీటరే తేలుస్తుంది. ఒకరోజు అన్నం, ఒకరోజు రొట్టె, కూరలు అవే. మొదటి ముద్ద నుంచి రెండు గంటలకు చూడండి.

పటమట: అది న్యాయమైన పరీక్ష. రక్తహీనత ఉంటే మాత్రం హెచ్‌బీఏ1సీని ఒక్కదాన్నే నమ్మొద్దు. ఐరన్ తక్కువైతే అది ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ఇంకోటి, ఇప్పటికే గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా అన్నం సగానికి కోయొద్దు. మాత్ర డోసు అలాగే ఉండి తిండి తగ్గితే చెమటలు పట్టి, వణుకు వచ్చి షుగర్ పడిపోతుంది.