టీవీని మానిటర్‌'గా' వాడుతున్నానా, మానిటర్‌'లా' వాడుతున్నానా?

గుణింతం:
పెద్దలకు నమస్కారం. చిన్న సందేహమే, కానీ రెండు రోజులుగా వదలట్లేదు.

టీవీకి కంప్యూటర్ తగిలించుకుని పని చేసుకోవడం ఎలాగో తెలుగులో ఒక గైడ్ రాస్తున్నాను. 'టీవీని మానిటర్‌లా వాడడం' అని శీర్షిక పెట్టాను. ప్రూఫు చూసిపెట్టిన మేడమ్ తొమ్మిది చోట్ల దిద్ది వెనక్కి పంపారు. దిద్దుబాట్లన్నీ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయి. నా ఫైలేమో డార్క్ మోడ్‌లో ఉంది. చూస్తున్నది ఆ టీవీ మీదే. నల్లటి తెర మీద ఆ ఎర్ర అక్షరాలు తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయాయి. 'లా' కొట్టేసి ఇంకేదో పెట్టారని తెలుస్తోంది గానీ, ఆ ఇంకేదో ఏమిటో తెలియట్లేదు. ఫాంటు రెండింతలు చేసి, కళ్లు చికిలించి చూస్తే తేలింది, 'గా' అని.

ఫోన్ చేసి అడిగాను. "'లా' అంటే అది మానిటర్ కాదని నువ్వే ఒప్పుకున్నట్టు కదయ్యా, మరి గైడ్ దేనికి?" అన్నారు. నాకైతే రెండూ ఒకేలా వినిపిస్తాయి. నిజంగా తేడా ఉందంటారా?

చదువరి:
లేకపోవడమేంటండీ! 'డాక్టర్‌గా చెబుతున్నాను, ఆ మందు ఆపెయ్యండి' అన్న మనిషి డాక్టరే. 'డాక్టర్‌లా చెబుతున్నాడు' అన్నామంటే కాదని అర్థం, కాస్త వెటకారం కూడా. 'చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు ఏడ్చాడు', 'చిన్నపిల్లాడిలా ఏడ్చాడు' చూడండి. రెండో వాక్యంలో ఏడ్చినవాడికి మీసాలున్నాయి.

మీరే 'ఒకేలా వినిపిస్తాయి' అని రాశారు, 'ఒకటిగా' అని రాయలేదు. అంటే మీ చెవికి తేడా తెలుసు.

రెండో బెంచీ:
అలంకారాల క్లాసు గుర్తొచ్చింది. 'లా' ఉపమ, 'గా' రూపకం. 'ఇది మానిటరో ఏమో అన్నట్టుంది' అంటే ఉత్ప్రేక్ష. అతిశయోక్తి కావాలంటే టీవీ డబ్బా మీద చదువుకోవచ్చు.

నకారపొల్లు:
సరదాకి అన్నా రెండో బెంచీ గారి మాటలో పస ఉంది. కాకపోతే ఈ రెండు ప్రత్యయాలు ఎక్కడి నుంచి వచ్చాయో చూస్తే ఇంకా బాగుంటుంది.

'గా' అనేది 'అగు/అవు' క్రియ కుటుంబంలోది. కావడం, కాగా, కాక, కాని, వీటన్నిటిలో ఉన్న 'కా'యే అది. మరి క గ ఎలా అయింది? చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) సూత్రం ఉంది కదా, 'ప్రథమ మీఁది పరుషములకు గ స డ ద వ లు బహుళంబుగా నగు' అని. ప్రథమా విభక్తిలో ఉన్న మాట పక్కన పరుషం (క చ ట త ప) వస్తే దాని బదులు వరసగా గ స డ ద వ రావచ్చు. నీరు + కా, నీరుగా. తమాషా ఏంటంటే ఆ సూత్రంలోనే 'బహుళంబుగా' అని ఒక 'గా' కూర్చుని ఉంది.

'లా' కథ వేరు. అది 'లాగు' అనే నామవాచకం. లాగు అంటే తీరు, పద్ధతి. 'ఈలాగున', 'ఆలాగున' అనేవారు. లాగున, లాగ, లా అని అరిగింది. నామవాచకం కాబట్టి ముందున్న మాట దానికి విశేషణంలా వంగుతుంది. నీటి లాగు, నీటిలా.

కాబట్టి 'మంచు కరిగి నీరుగా మారింది', 'డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టాడు'. మొదటిదాంట్లో 'నీరు' నిటారుగా నిలబడింది, ఎందుకంటే మంచు నీరే అయింది. రెండోదాంట్లో 'నీళ్లు' కాస్తా 'నీళ్ల' అయింది. డబ్బు నీళ్లు కాలేదు, నీళ్ల తీరు మాత్రం అరువు తెచ్చుకుంది. 'మానిటర్' ఇంగ్లీషు మాట కావడంతో ఎటు పెట్టినా వంగదు. అందుకే మీకు తేడా కనిపించలేదేమో.

పాత కీబోర్డు:
నకారపొల్లు గారూ, బాగుంది గానీ రెండు అడ్డంకులు. ఒకటి, 'నాయకుడిగా' అంటున్నాం కదా, అక్కడ వంగింది మరి. రెండు, 'స్టూలును బల్లగా వాడాను' అంటే స్టూలు బల్ల అయిపోయిందా? రేపు మళ్లీ దాని మీదే కూర్చుంటాను.

నకారపొల్లు:
మొదటిది ఒప్పుకుంటాను. పాత రాతల్లో 'నాయకుడుగా' అనే ఉంటుంది. ఇప్పుడు 'డిగా' స్థిరపడింది. 'లా'కు చేసే పనే 'గా'కూ చేసేస్తోంది నోరు. దీన్ని తప్పు అననుగానీ, పాత గీత చెరిగిపోతోందనైతే అంటాను.

రెండోది నిజంగా మంచి ప్రశ్న. నేను 'అయింది' అన్నది కొంచెం ఎక్కువ చెప్పాను. 'గా' ఏం చెబుతుందో పక్కనున్న క్రియ తేలుస్తుంది. 'మారు' పక్కన ఉంటే నిజంగా మార్పు. 'భావించు', 'కొలుచు' పక్కన ఉంటే మన నమ్మకం. 'వాడు', 'పనిచేయు' పక్కన ఉంటే హోదా. మీ స్టూలుకు ఆ కాసేపు బల్ల ఉద్యోగం ఇచ్చారు. ఉద్యోగం ఇచ్చాక అది ఆ పని చేయాల్సిందే, సరిగ్గా చేసిందా లేదా అన్నది వేరే సంగతి. 'లా' అయితే ఉద్యోగం కూడా లేదు, పోలికే.

చదువరి:
మా ఇంట్లో పెద్దవాళ్లు ఈ రెండూ అనరండీ. 'ఆ పాత టీవీని మానిటర్ కింద వాడుకుంటున్నాడు' అంటారు. 'చిరిగిన చీర దుప్పటి కింద పనికొస్తుంది', 'అడ్వాన్సు కింద ఇచ్చాడు' అన్నట్టు. అసలుది లేదు, దాని ఖాతాలో దీన్ని వేసుకున్నాం అనే సర్దుబాటు ఆ 'కింద'లో ఉంటుంది. గైడ్ శీర్షికకు నా ఓటు దీనికే.

రెండో బెంచీ:
'మానిటర్ కింద టీవీ వాడడం' అని పెడితే సగంమంది మానిటర్‌ని ఎత్తి దాని కింద టీవీ పెడతారు.

తెరచాప:
'లెక్క', 'మాదిరి'ని మరిచిపోకండి. 'మానిటర్ లెక్క', 'మానిటర్ మాదిరి' అని చాలామంది నోట వినిపిస్తాయి. అవి 'లా' జట్టే. 'గా'కు మాత్రం చదువరి గారి 'కింద' తప్ప బదులు మాట ఎక్కడా తగల్లేదు నాకు.

పాత కీబోర్డు:
వ్యాకరణం అయింది కాబట్టి ఆ ఎర్ర అక్షరాల సంగతి చెబుతాను. గుణింతం తమ్ముడూ, మీ టీవీ ప్రస్తుతం 'లా' దశలో ఉంది. మేడమ్ గారు అన్న మాట మెషీన్ విషయంలోనూ నిజమే.

వీడియో సిగ్నల్‌లో వెలుగును, రంగును విడివిడిగా పంపే పద్ధతి ఉంది. మన కన్ను వెలుగు తేడాలను పట్టినంత బాగా రంగు తేడాలను పట్టదు. అందుకని పక్కపక్కన రెండు, వాటి కింద రెండు, మొత్తం నాలుగు చుక్కలు (పిక్సెళ్లు) తీసుకుని, వెలుగుకు నాలుగు విలువలూ పంపి, రంగుకు మాత్రం ఒక్కటే పంపుతారు. దీనికి 4:2:0 అని పేరు. సినిమాకు ఇది చాలు, ఎవరూ గుర్తుపట్టరు. అక్షరానికి చాలదు, ఎందుకంటే అక్షరం గీత మందమే ఒకటి రెండు చుక్కలు. తెల్ల మీద నల్ల అక్షరంలో తేడా అంతా వెలుగులోనే ఉంటుంది కాబట్టి బతికిపోతుంది. నల్ల మీద ఎరుపులో వెలుగు తక్కువ, భారమంతా రంగు మీదే. అది పక్క చుక్కల్లోకి కారిపోతుంది. మీరు 'తడి కాగితం' అన్నది ఇదే. ఏ చుక్క రంగు ఆ చుక్కకే పంపితే 4:4:4. మానిటర్లలో మామూలుగా ఉండేది అదే.

ఇంకోటి, షార్ప్‌నెస్ తగ్గించండి. టీవీలో అది అక్షరాన్ని పదును పెట్టదు, అంచుల చుట్టూ తెల్లటి గీత వేస్తుంది. దూరం నుంచి సినిమాకు ముద్దుగా ఉంటుంది, దగ్గర నుంచి చదివితే తలనొప్పి. మౌస్ బద్ధకంగా కదులుతుంటే గేమ్ మోడ్ పెట్టండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనులన్నీ చాలావరకు ఆగిపోతాయి. అప్పటికీ ఈడ్చుకుంటూ ఉంటే కేబులో పోర్టో పాతది. కంప్యూటర్‌ని టీవీకి కలిపే హెచ్‌డీఎంఐలో 1.4 రకమైతే, పూర్తి రంగుతో 4కే (3840 బై 2160 చుక్కలు) కావాలంటే సెకనుకు 30 ఫ్రేములే. 60 కావాలంటే 2.0 ఉండాలి.

నకారపొల్లు:
ఇందులో తెలుగు కోణం ఒకటుంది. ఇంగ్లీషు అక్షరం కాస్త చెదిరినా చదివేస్తాం. మనకు ద, ధ తేడా కింద చిన్న గీత. ధ, థ తేడా లోపల ఒక చుక్క. అదే వత్తుగా కిందకి దిగితే ఆ చుక్క ఆవగింజలో సగం. 'అర్ధం' అంటే సగం, 'అర్థం' అంటే భావం. ఆ రెంటికీ మధ్య ఉన్నది ఆ ఒక్క చుక్కే. మీ టీవీ దాన్ని మింగేసిందంటే భావం సగమైనట్టే.

పాత కీబోర్డు:
ఆహా! అందుకే సైజు కూడా చూసుకోవాలి. 43 అంగుళాల 4కే టీవీలో అంగుళానికి సుమారు 102 చుక్కలు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 92. అంటే ఆ సైజు టీవీ మానిటర్‌కి తీసిపోదు. అదే 32 అంగుళాల పాత హెచ్‌డీ టీవీ, 1366 బై 768ది అయితే 49 చుక్కలే. అక్కడ థ వత్తు కోసం ఎంత వెతికినా దండగ. దాన్ని చచ్చినా 'గా' అనను.

తెరచాప:
పేర్ల గురించి నాదొక నవ్వు. టీవీకి 'దూరదర్శిని' అని తెలుగు చేసుకున్నాం, అదే మాట టెలిస్కోపుకూ వాడుకున్నాం. ఇప్పుడు ఆ దూరదర్శినిని రెండు మూరల దూరంలో పెట్టుకుని ఎక్సెల్ షీట్ చూస్తున్నాం.

ఇక 'మానిటర్' అంటే లాటిన్‌లో హెచ్చరించేవాడు. క్లాసులో అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే మానిటర్ కూడా అదే మాట. టీవీ స్టూడియోల్లో వెళ్తున్న బొమ్మను కనిపెట్టుకుని ఉండే తెరను మానిటర్ అన్నారు. అంటే ఆ పేరు ముందు టీవీ వాళ్లదే.

పాత కీబోర్డు:
నిజమండీ. ఇంకా చెప్పాలంటే ఇళ్లలోకి వచ్చిన తొలి కంప్యూటర్లు చాలావాటికి టీవీయే తెర. 1982లో వచ్చిన జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్, కమొడోర్ 64 టీవీ యాంటెన్నా సాకెట్‌లో గుచ్చుకునే రకాలు. కమొడోర్‌లో వరసకు 40 అక్షరాలు, 25 వరసలు. వరసకు 80 అక్షరాలు కావాలనుకున్నవాళ్లకు టీవీ మీద చదవడం కుదరక విడిగా మానిటర్ కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో 'టీవీలా' మానిటర్ ఉందనేవారేమో.

గుణింతం:
అందరికీ థాంక్స్. ఒక విషయం చెప్పి తీరాలి.

పాత కీబోర్డు అన్న చెప్పాక 4:4:4 ఎక్కడుందా అని మెనూ అంతా గాలించాను. ఆ పేరుతో ఏమీ లేదు. చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? ఇన్‌పుట్ పేరు మార్చే చోట. కంప్యూటర్ తగిలించిన పోర్టుకు పేరు ఎంచుకోమంటుంది: డీవీడీ, గేమ్, పీసీ ఇలా. అది గుర్తు కోసం పెట్టుకునే చీటీ అనుకుని ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. 'పీసీ' అని పెట్టాను. తెర ఒక్క క్షణం నల్లబడి వచ్చింది. ఎర్ర అక్షరాలు గీత గీతగా నిలబడ్డాయి! ఇన్నాళ్లూ కింద టాస్క్‌బార్ సగం తెగి ఉండేది, అదీ పూర్తిగా పైకొచ్చింది.

నకారపొల్లు:
అబ్బ, ఇది నా వివరణ కంటే మంచి ఉదాహరణ. పేరు పెట్టారు, ఉద్యోగంలో చేరింది.

పాత కీబోర్డు:
కొన్ని టీవీల్లో అంతే తమ్ముడూ, ఆ పేరే స్విచ్. టాస్క్‌బార్ తెగడాన్ని ఓవర్‌స్కాన్ అంటారు. గాజు గొట్టం టీవీల కాలంలో అంచులు సరిగా ఉండేవి కావు, అందుకని బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు దాచేవారు. ఇప్పుడు దాచాల్సింది ఏమీ లేదు, అలవాటు మాత్రం మిగిలింది. మీది ఓలెడ్ (ప్రతి చుక్కా సొంతంగా వెలిగే తెర) అయితే ఆ టాస్క్‌బార్‌ని ఆటో హైడ్‌లో, అంటే దానంతటదే దాక్కునేలా పెట్టండి, కదలకుండా ఏళ్ల తరబడి ఉంటే మరక పడొచ్చు.

చదువరి:
మరి శీర్షిక ఏం చేస్తున్నారు?

గుణింతం:
రెండు భాగాలు చేశాను. మొదటి భాగం 'టీవీ మానిటర్‌లా ఉంటే చాలదు', రెండోది 'టీవీని మానిటర్‌గా మార్చుకోవడం'. 'కింద'ను పాత హెచ్‌డీ టీవీల పేరాలో పెట్టాను, అక్కడ సరిగ్గా అతికింది. పొద్దున్నే కంప్యూటర్ లేచినా టీవీ లేవట్లేదు, రిమోట్ వెతుక్కుని లేపాలి. అది ఏ భాగంలో పెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.

మేడమ్‌కు మళ్లీ పంపాను. ఈసారి ఒక్కచోటే ఎరుపు. 'అర్ధం చేసుకోండి' అని రాశానట. థ పెట్టారు. చుక్క కనిపించింది.