మెడికెయిడ్ మీద పెద్దవాళ్లకు మానసిక వైద్యం: డైరెక్టరీ పట్టుకుని ఫోన్లు చేయాలా, నేరుగా కమ్యూనిటీ క్లినిక్‌కు వెళ్లాలా?

గట్టుమీదచెట్టు:
అమెరికాలో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కార్డు ఉన్న, 18 దాటిన పెద్దవాళ్లకు సైకియాట్రిస్టు ఎక్కడ దొరుకుతారని ఎవరు అడిగినా ఇక్కడ ఒకటే జవాబు: "ప్లాన్ వెబ్‌సైట్‌లో డైరెక్టరీ ఉంటుంది, చూసి ఫోన్ చేయండి." ప్లాన్ అంటే మెడికెయిడ్‌ను నడిపే బీమా సంస్థ, డైరెక్టరీ అంటే దాని డాక్టర్ల జాబితా. ఈ సలహా ఇక మానేద్దామని నా మనవి. డిప్రెషన్‌లో ఉన్న మనిషికి రోజుకో ఫోన్ చేయడమే గగనం. చేతికి పెద్ద జాబితా ఇచ్చి, ఏ నంబరు పనిచేస్తుందో నువ్వే తేల్చుకో అంటే మూడో ఫోన్ దగ్గరే వదిలేస్తారు. 2022లో హెల్త్ అఫైర్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఒరెగాన్ మెడికెయిడ్ డైరెక్టరీల్లోని పేర్లను అసలు క్లెయిమ్‌లతో, అంటే డాక్టర్లు పంపిన బిల్లులతో, సరిచూశారు. 58.2 శాతం పేర్లు ఉత్తవే. మందులు రాసే మానసిక వైద్యుల వరకే చూస్తే 67.4 శాతం. పేరు ఉంటుంది, మెడికెయిడ్ పేషెంట్లను చూస్తున్న దాఖలా ఉండదు.

అందుకే నా వరస ఇది. ముందు సీసీబీహెచ్‌సీ, అంటే సర్టిఫైడ్ కమ్యూనిటీ బిహేవియరల్ హెల్త్ క్లినిక్ (మానసిక వైద్యం, వ్యసన చికిత్స ఇచ్చే గుర్తింపు పొందిన క్లినిక్), దగ్గర్లో ఉందేమో చూడండి. 2014 చట్టంతో వచ్చిన పథకం ఇది, 2017లో 8 రాష్ట్రాల్లో మొదలైంది, తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. డబ్బు కట్టలేరనో, మా కౌంటీ వాళ్లు కాదనో వీళ్లు ఎవరినీ వెనక్కి పంపకూడదు. మామూలు కేసుకు 10 పనిదినాల్లో, అర్జెంటు అయితే ఒక్క పనిదినంలో మొదటి పరీక్ష జరగాలి. క్రైసిస్ సేవ 24 గంటలూ ఉండాలి. సీసీబీహెచ్‌సీ లేని చోట ఎఫ్‌క్యూహెచ్‌సీ చూడండి. అవి ఫెడరల్ నిధులతో నడిచే హెల్త్ సెంటర్లు. చాలావాటిలో బిహేవియరల్ హెల్త్ విభాగం ఉంటుంది. పేదరిక రేఖకు 200 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్లకు ఫీజు తగ్గుతుంది, 100 శాతం లోపు వాళ్లకు అసలు ఉండదు, లేదా నామమాత్రం. గ్రీన్‌కార్డు వచ్చి 5 ఏళ్లు నిండక మెడికెయిడ్ దొరకని తల్లిదండ్రులకు కూడా ఈ రెండు తలుపులూ తెరిచే ఉంటాయి.

చిరునామాలకు ఫైండ్‌ట్రీట్‌మెంట్ డాట్ గవ్ సైటు చూడొచ్చు, సామ్సా (మానసిక ఆరోగ్యం, వ్యసనాల ఫెడరల్ సంస్థ) హెల్ప్‌లైన్ 1-800-662-4357కు ఫోన్ చేసినా చెబుతారు.

పద్దుపుస్తకం:
గట్టుమీదచెట్టు గారూ, ఆ 58.2 శాతం మాటతో నాకు పేచీ లేదు. దాన్నుంచి మీరు తేల్చిన దానితోనే పేచీ. డైరెక్టరీ తప్పుల తడక అయితే ఆ తప్పు ప్లాన్‌ది. మనం డైరెక్టరీని వదిలేసి కమ్యూనిటీ క్లినిక్ ముందు క్యూ కడితే, నెలనెలా ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకుంటున్న ప్లాన్‌ను మనమే బాధ్యత నుంచి తప్పించినట్టు.

ఇంకోటి. మీరు చెప్పిన 10 పనిదినాలు మొదటి పరీక్షకే. దాన్ని చేసేది ఎక్కువగా థెరపిస్టో సోషల్ వర్కరో. మందులు రాసే డాక్టరు అపాయింట్‌మెంట్ ఆ తర్వాత ఎన్నాళ్లకో చాలామంది అడగరు. ఇన్‌టేక్ (ఆ మొదటి పరీక్ష) డేట్ రాగానే గెలిచామనుకుని, ప్రిస్క్రైబర్‌ను (మందులు రాసేవారిని) చూడాలంటే ఇంకా వారాలు ఆగాలని ఆ రోజు తెలుసుకుంటారు. ఫోన్‌లోనే అడగాల్సిన ప్రశ్న అది.

ప్లాన్‌తో పని చేయించుకునే పద్ధతి చెప్తాను. కార్డు తిప్పి చూడండి. మెంబర్ సర్వీసెస్ నంబరు కాకుండా బిహేవియరల్ హెల్త్ అని వేరే నంబరు ఉందా? ఉంటే మానసిక వైద్యం ఇంకో సంస్థ చేతిలో ఉండొచ్చు, డైరెక్టరీ కూడా వేరే కావచ్చు. తప్పు డైరెక్టరీలో వారం రోజులు వెతికేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ఆ నంబరుకు ఫోన్ చేసి "జాబితా ఇవ్వండి" అనొద్దు, ఇమెయిల్‌లో పీడీఎఫ్ పడేసి చేతులు దులుపుకుంటారు. "నేను లైన్‌లో ఉండగానే క్లినిక్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీయండి" అనండి. కేర్ కోఆర్డినేటర్‌ను (వైద్యం ఏర్పాట్లు చూసే ప్లాన్ ఉద్యోగిని) కేటాయించమనండి. ప్రతి కాల్‌కూ తేదీ, టైము, మాట్లాడినవారి పేరు, రిఫరెన్స్ నంబరు రాసుకోండి.

అయిదారు క్లినిక్‌లు కాదన్నాక ఆ పద్దును జతచేసి, నెట్‌వర్క్ (ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లు) బయటి డాక్టరుకు అనుమతి ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. అవసరమైన సేవ నెట్‌వర్క్‌లో సకాలంలో ఇవ్వలేకపోతే బయట ఇప్పించాల్సిందే, పేషెంటుకు అదనపు ఖర్చు పడకూడదు. మెడికెయిడ్ మేనేజ్డ్ కేర్ ప్లాన్లకు ఫెడరల్ నియమం అది. దీనికి వాడుకలో ఉన్న పేరు సింగిల్ కేస్ అగ్రిమెంట్. ఆ మాట వాడితే లైన్‌లో ఉన్నవాళ్లు సూపర్‌వైజర్‌కు ఇస్తారు.

రాతపూర్వకంగా అని ఎందుకు ఒత్తి చెప్తున్నానంటే, "ఎవరూ ఖాళీ లేరండీ" అన్న నోటిమాట మీద మీ చేతికి ఏమీ రాదు. కాదంటూ నోటీసు వస్తే మాత్రం దాని తేదీ నుంచి 60 రోజుల్లో అప్పీల్ చేయొచ్చు. ప్లాన్ 30 రోజుల్లో తేల్చాలి, ఆరోగ్యానికి ముప్పు ఉంటే 72 గంటల్లో. అక్కడా కాదంటే స్టేట్ ఫెయిర్ హియరింగ్‌కు (రాష్ట్రం దగ్గర విచారణకు) రాష్ట్రాన్ని బట్టి 90 నుంచి 120 రోజుల గడువు ఉంటుంది. గ్రీవెన్స్ వేరు, అప్పీల్ వేరు. గ్రీవెన్స్ అంటే ఫిర్యాదు, ఎప్పుడైనా వేయొచ్చు, 90 రోజుల్లో జవాబు ఇస్తారు. అర్జెంటు పనికి గ్రీవెన్స్ వేసి కూర్చుంటే మూడు నెలలు పోయినట్టే.

రెండోకప్పు:
ఇద్దరూ చెప్పింది బాగుంది గానీ మరీ చుట్టుతిరుగుడుగా ఉంది. నెలకో రెణ్ణెల్లకో ఒకసారి ప్రైవేటు సైకియాట్రిస్టుకు చేతి డబ్బు కట్టి చూపించుకుని, మందులు మెడికెయిడ్ మీద తీసుకుంటే తీరిపోతుంది కదా?

మందులచీటీ:
రెండోకప్పు గారూ, అక్కడే పెద్ద గొయ్యి ఉంది. మెడికెయిడ్‌లో నమోదు కాని డాక్టరు రాసిన చీటీకి మెడికెయిడ్ సాధారణంగా డబ్బు ఇవ్వదు. చీటీ రాసేవారి ఎన్‌పీఐ (డాక్టరు గుర్తింపు) నంబరు రాష్ట్రం జాబితాలో ఉండాలి. ఫార్మసీ కౌంటర్‌లో క్లెయిమ్ వెనక్కి కొడుతుంది, స్క్రీన్ మీద "ప్రిస్క్రైబర్ నాట్ ఎన్‌రోల్డ్" అన్న అర్థంతో ఒక కోడ్ వస్తుంది. డాక్టరు ఫీజు కట్టి, మందులకూ చేతి నుంచే పెట్టుకోవాలి. చవక జెనరిక్ అయితే ఎలాగో నెట్టుకొస్తారు. నెలనెలా ఇచ్చే లాంగ్ యాక్టింగ్ ఇంజెక్షన్ అయితే మామూలు కుటుంబం మోయలేదు.

మరో సంగతి. మెడికెయిడ్‌లో నమోదైన డాక్టరు, మెడికెయిడ్ ఇచ్చే సేవకు పేషెంటు దగ్గర విడిగా డబ్బు తీసుకోకూడదు. మెడికెయిడ్ ఇచ్చినదాన్నే పూర్తి చెల్లింపుగా ఒప్పుకోవాలి, పేషెంటు దగ్గర తీసుకోగలిగింది రాష్ట్రం నిర్ణయించిన కోపే (పేషెంటు కట్టే చిన్న వాటా) వరకే. కాబట్టి "మీ ప్లాన్ తక్కువ ఇస్తుంది, తేడా మీరు కట్టండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

సైకియాట్రిస్టు దొరికేదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. మామూలు డిప్రెషన్‌కూ ఆందోళనకూ ప్రైమరీ కేర్ డాక్టరు సెర్ట్రలిన్ లాంటి మందు మొదలుపెట్టగలరు. బైపోలార్‌కు వాడే లిథియం సంగతి వేరు: మోతాదు మార్చిన సుమారు 5 రోజులకు రక్తంలో స్థాయి చూడాలి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు క్రమం తప్పకూడదు. అది తెలిసినవాళ్ల చేతిలో ఉండాల్సిందే.

తూర్పుగాలి:
ఫోన్‌లో ఏమడగాలో ఎవరూ విడమరచి చెప్పలేదు. "మీరు మెడికెయిడ్ తీసుకుంటారా?" అన్న ప్రశ్న దాదాపు పనికిరాదు. తీసుకుంటామంటారు, మీ ప్లాన్ కాకపోవచ్చు. పిల్లలకే తీసుకోవచ్చు, ఇంకో ఊళ్లో ఉన్న బ్రాంచిలోనే కావచ్చు. ప్లాన్ పేరు కార్డు మీద ఉన్నది ఉన్నట్టు చదివి ఇలా అడగండి: "ఈ ప్లాన్‌తో, ఈ అడ్రసులో, 18 దాటిన కొత్త పేషెంట్లను ఇప్పుడు తీసుకుంటున్నారా? మొదటి ఇన్‌టేక్ ఏ తేదీ? మందులు రాసేవారిని చూసేది ఏ తేదీ? మీ దగ్గర థెరపీ చేయించుకుంటేనే మందులు రాస్తారా?" చివరి ప్రశ్న మరవకండి. చాలా క్లినిక్‌లు మందులకోసమే వచ్చేవాళ్లను తీసుకోవు.

మన ఇళ్లలో ఫోన్ చేసేది కొడుకో కోడలో అన్నో. పెద్దవాళ్ల విషయంలో అది ఇబ్బంది. పేషెంటు అనుమతి లేకుండా క్లినిక్ గానీ ప్లాన్ గానీ ఏమీ చెప్పదు. పక్కన కూర్చోబెట్టుకుని స్పీకర్ పెట్టి "నా తరఫున మాట్లాడనివ్వండి" అని వాళ్ల నోట అనిపిస్తే ఆ కాల్‌కు సరిపోతుంది. తర్వాతకు రిలీజ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ ఫారం మీద సంతకం తీసుకోండి. ఆ ఫారం లేకపోయినా మీరు చెప్పేది వినడానికి క్లినిక్‌కు అడ్డేమీ లేదు. "నాలుగు రోజులుగా నిద్రపోలేదు, మందు మానేశారు" అని మెసేజ్ పెట్టొచ్చు, జవాబు మాత్రం ఆశించొద్దు.

తెలుగు ఇంటర్‌ప్రెటర్ సంగతి. మెడికెయిడ్ ప్లాన్ ఉచితంగా ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు అని నమోదు చేయించండి, ఆ రోజు వెళ్లి అడిగితే లైన్ దొరకడం ఆలస్యమవుతుంది. ఇంట్లోవాళ్లు అనువాదం చేస్తే పని జరిగిపోతుందని అనుకోకండి. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 ఫారంలో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వస్తున్నాయా అని అడుగుతుంది. కోడలు అనువదిస్తుంటే ఏ అత్తగారు అవునంటుంది? ముక్కూ మొహం తెలియని ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లో అడిగితే చెబుతుంది. "గుండెల్లో బరువుగా ఉంది" అన్న మాటను ఛాతీ నొప్పిగా మార్చి చెప్పి మనిషిని గుండె డాక్టరు దగ్గరికి పంపించే పొరపాటు కూడా తప్పుతుంది.

గట్టుమీదచెట్టు:
పద్దుపుస్తకం గారూ, ప్రిస్క్రైబర్ తేదీ మాట ఒప్పుకుంటున్నాను, మొదట్లోనే చెప్పాల్సింది. అయినా నా వరస మార్చను. మీ పద్ధతికి రెండు మూడు వారాల ఓపిక, ఫోన్‌లో గట్టిగా మాట్లాడే నోరు కావాలి. జబ్బు ముందు లాక్కుపోయేది ఆ రెండింటినే. పక్కన మనిషి ఉంటే మీ దారి, ఒంటరిగా ఉంటే నా దారి.

తీవ్రతను బట్టి కూడా తేడా ఉంటుంది. కాలిఫోర్నియాలో మెడికాల్ (అక్కడి మెడికెయిడ్) కింద తీవ్రమైన జబ్బులను కౌంటీ చూస్తుంది, తేలికపాటి, మధ్యస్థ సమస్యలను ప్లాన్ చూస్తుంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్లినా "మాది కాదు" అని తిప్పి పంపకూడదన్న విధానం 2022 జూలై నుంచి ఉంది. కౌంటీ యాక్సెస్ లైన్ 24 గంటలూ పనిచేస్తుంది. టెక్సాస్‌లో మెడికెయిడ్ విస్తరణే (తక్కువ ఆదాయం ఉన్న పెద్దవాళ్లకు కూడా కార్డు ఇవ్వడం) జరగలేదు, పిల్లల్లేని ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషికి ఆదాయం ఎంత తక్కువైనా కార్డు రావడం కష్టం. అక్కడ లోకల్ మెంటల్ హెల్త్ అథారిటీలే దిక్కు. ఆ ఊళ్లలో ఉన్నవాళ్లకు డైరెక్టరీ సలహా ఇస్తే లేని కార్డుకు డైరెక్టరీ వెతకమన్నట్టే.

పద్దుపుస్తకం:
టెక్సాస్ మాట నిజమే. కానీ "తీవ్రత" అన్న మాటే చాలామందికి అడ్డం పడుతోంది. కమ్యూనిటీ సెంటర్లలో సీసీబీహెచ్‌సీ కానివి చాలా ఉన్నాయి. అవి స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి వాటికి ముందు చోటిస్తాయి. ఒక మోస్తరు డిప్రెషన్‌తో వెళ్తే ప్లాన్‌లో చూసుకోమని పంపేస్తారు. అప్పుడు మళ్లీ నా పద్దుకే రావాలి. రెండు దారులూ ఒకే రోజు మొదలుపెట్టండి, ఏది ముందు తెగితే అది.

ఇంకో హెచ్చరిక. అపాయింట్‌మెంట్ నెల తర్వాత ఉంటే, ఆ నెలలో మెడికెయిడ్ రెన్యూవల్ కవరు వస్తుందేమో చూసుకోండి. క్లినిక్ ఆ రోజు ఉదయం ఎలిజిబిలిటీ చూస్తుంది. కార్డు చేతిలో ఉన్నా కవరేజ్ ఆగిపోయి ఉంటే ఇంటికి పంపుతారు. 2025 జూలై చట్టం ప్రకారం విస్తరణ కింద ఉన్న పెద్దవాళ్లకు 2027 నుంచి ఆరు నెలలకోసారి రెన్యూవల్, నెలకు 80 గంటల పని నిబంధన రాబోతున్నాయి. పనిచేయలేని స్థితికి తెచ్చే మానసిక జబ్బు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అది చూపించాలంటే కాగితం కావాలి. క్లినిక్‌లో రికార్డు ఉన్నవాళ్లకే ఆ కాగితం సులువు. కాబట్టి ఇన్‌టేక్ ఇప్పుడే చేయించుకోవడానికి అదొక కారణం.

రెండోకప్పు:
మందులచీటీ గారికి ధన్యవాదాలు, ఆ ఎన్‌పీఐ సంగతి తెలియదు. ఒక్కటి చెప్పండి. ఇన్‌టేక్‌కు మూడు వారాలుంది, మందులు వారానికే ఉన్నాయి. అప్పుడేం చేయాలి?

మందులచీటీ:
ఈ రోజే క్లినిక్‌కు ఫోన్ చేసి "మందులు 7 రోజులకే ఉన్నాయి" అని అంకెతో చెప్పండి. "త్వరగా కావాలి" అంటే మామూలు క్యూలో ఉంచుతారు, రోజుల లెక్క చెబితే అర్జెంటు కింద చూసే అవకాశం ఉంది. రెండో ఫోన్ పాత డాక్టరుకు, 30 రోజుల బ్రిడ్జ్ రీఫిల్ (కొత్త డాక్టరు చూసేదాకా సరిపడే మందు) అడగండి. మూడోది ప్రైమరీ కేర్‌కు. పాత మందు డబ్బా ఫొటో తీసి ఉంచుకోండి, పేరు, మోతాదు, రాసినవారు అన్నీ అందులోనే ఉంటాయి. క్లోజపిన్ (స్కిజోఫ్రీనియా మందు) వాడేవాళ్లయితే ఒక్క రోజు కూడా నిర్లక్ష్యం వద్దు. 2 రోజులు తప్పితే పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, డాక్టరును అడిగి తక్కువ మోతాదు నుంచి మళ్లీ ఎక్కించుకుంటూ రావాలి. లిథియం ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ.

ప్రాణభయం ఉన్న పరిస్థితి అయితే ఈ వరసలేవీ వద్దు. 988కు (ఆత్మహత్య, మానసిక సంక్షోభ సహాయ లైన్) ఫోన్ చేయండి, లేదా ఎమర్జెన్సీ రూమ్‌కు వెళ్లండి. ఇన్సూరెన్స్ ఉన్నా లేకపోయినా అక్కడ చూసి తీరాలి. బయటికి వచ్చేటప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద ఫాలో-అప్ తేదీ, క్లినిక్ పేరు రాయించుకోండి. ఖాళీగా ఉంటే సోషల్ వర్కర్‌ను పిలవమనండి, వాళ్లు ఫోన్ చేస్తే క్లినిక్‌లు తొందరగా ఎత్తుతాయి.